ఐరోపా సమాఖ్య చట్టాన్ని మీ ఊరి కోర్టులో ఆధారంగా చూపడం ఎలా? సమగ్ర మార్గదర్శి

జర్మనీ, నెదర్లాండ్స్, ఇటలీ, ఐర్లాండ్‌లలో పనిచేస్తున్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈయూ (ఐరోపా సమాఖ్య) చట్టం ప్రకారం నాకు హక్కుంది. ఈయూ కోర్టుకు వెళ్లడం ఎలా?"

వెళ్లనక్కర్లేదు, వెళ్లడానికి వీలూ లేదు. యజమానితోనో, విమానయాన సంస్థతోనో, వలస కార్యాలయంతోనో మీకున్న వివాదాన్ని లక్సెంబర్గ్‌లోని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ముందు మీరు నేరుగా పెట్టలేరు. మీ ఊరి కార్మిక కోర్టు, పరిపాలనా కోర్టు, సివిల్ కోర్టు, ఇవే ఈయూ చట్టాన్ని అమలు చేసే కోర్టులు. సమాఖ్య చట్టం వ్యక్తులకు నేరుగా హక్కులిస్తుందని 1963 ఫిబ్రవరి 5న వాన్ గెండ్ ఎన్ లోస్ కేసులోనూ, దానికి విరుద్ధమైన దేశ చట్టాన్ని ఏ స్థాయి జడ్జి అయినా పక్కన పెట్టాల్సిందేనని 1978లో సిమెంతాల్ కేసులోనూ లక్సెంబర్గ్ కోర్టు చెప్పింది.

భారతదేశంలో న్యాయశాస్త్రం చదివినవారికి ఇది కొత్తగా అనిపిస్తుంది. మన దగ్గర అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం చేసినంత మాత్రాన పౌరుడు దాన్ని పట్టుకుని కోర్టులో హక్కు అడగలేడు. 1997లో, పనిచోట లైంగిక వేధింపులకు సంబంధించిన విశాఖ కేసులో సుప్రీంకోర్టు చేసినట్టు, చట్టంలో ఖాళీ ఉన్నచోట ఒప్పందాన్ని వ్యాఖ్యానానికి వాడుకోవడమే జరుగుతుంది. ఈయూ దేశాల్లో మాత్రం సమాఖ్య చట్టం ఆ దేశ చట్టంలో భాగమే.

ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి: హక్కు సమాఖ్య ఇస్తుంది, కానీ గడువు, ఫారం, రుసుము, కోర్టు అన్నీ ఆ దేశానివే. ఓడిపోయే కేసుల్లో చాలావాటికి కారణం హక్కు లేకపోవడం కాదు. దాన్ని ఆలస్యంగానో, తప్పు ఆధారంతోనో, తప్పు ప్రతివాది మీదనో అడగడం.

## 1. ముందుగా తేల్చుకోవాల్సినవి: దేశం, హోదా

మీరున్న దేశం ఈయూ సభ్యదేశమా? సమాఖ్యలో 27 దేశాలున్నాయి. బ్రిటన్ ఇప్పుడు అందులో లేదు. అక్కడ 2024 జనవరి 1 నుంచి ఈయూ చట్టపు ఆధిక్య సూత్రం కూడా పోయింది. వైదొలగే ఒప్పందం కింద రక్షణ ఉన్నవారి పరిస్థితి మాత్రం వేరు. స్విట్జర్లాండ్, నార్వే కూడా సమాఖ్యలో లేవు. వాటి ఒప్పందాలు వేరు.

సభ్యదేశమైనంత మాత్రాన ప్రతి చట్టమూ వర్తించదు. ఉదాహరణకు కొన్ని డైరెక్టివ్‌లు, అంటే ఫలానా చట్టం చేసుకోమని సమాఖ్య దేశాలకు ఇచ్చే ఆదేశాలు (వివరం 4వ భాగంలో). ఐర్లాండ్, డెన్మార్క్‌లకు బ్లూ కార్డ్ (ఉన్నత నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగుల నివాస పత్రం) డైరెక్టివ్ (2021/1883), కుటుంబ పునరేకీకరణ డైరెక్టివ్ (2003/86), దీర్ఘకాల నివాసుల డైరెక్టివ్ (2003/109) వర్తించవు. డబ్లిన్‌లో ఉన్నవారు బెర్లిన్‌లోని మిత్రుడి వాదపత్రాన్ని చూసి రాసుకుంటే మొదటి పేరాలోనే కేసు పోతుంది.

తర్వాత మీ హోదా. భారత పౌరులు ఈయూ చట్టం దృష్టిలో "మూడో దేశపు పౌరులు". కానీ మీ భార్యో భర్తో ఈయూ పౌరులై, సొంత దేశం కాని మరో సభ్యదేశంలో ఉంటుంటే, మీకు 2004/38 డైరెక్టివ్ కింద చాలా బలమైన హక్కులుంటాయి. బ్రిటిష్ మహిళను పెళ్లాడిన ఒక భారతీయుడి కేసులోనే, 1992లో, మరో సభ్యదేశంలో పనిచేసి సొంత దేశానికి తిరిగివచ్చే పౌరుల జీవిత భాగస్వాములకు నివాస హక్కు ఉంటుందని కోర్టు తేల్చింది. సురీందర్ సింగ్ కేసుగా దాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు.

చూసుకోండి:

- దేశం సభ్యదేశమేనా?
- ఆ ప్రత్యేక చట్టం ఆ దేశానికి వర్తిస్తుందా? (డైరెక్టివ్ ప్రస్తావనలో చివరి పేరాలు చదవండి, ఐర్లాండ్, డెన్మార్క్ సంగతి అక్కడే రాసి ఉంటుంది.)
- మీ నివాస పత్రం ఏ రకం? కార్డు మీద ముద్రించిన పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

## 2. చట్టం వెతకడానికి ముందే గడువు వెతకండి

నిర్ణయ పత్రం చేతికందిన రోజున చేయాల్సిన మొదటి పని ఇదే. అందిన తేదీ పత్రం మీదే రాసి, కవరు దాచండి.

జర్మనీలో ఉద్యోగం నుంచి తొలగిస్తే, లిఖిత నోటీసు అందిన 3 వారాల్లో కార్మిక కోర్టులో దావా వేయాలి. పరిపాలనా నిర్ణయం మీద సాధారణంగా 1 నెల ఉంటుంది. అప్పీలు గురించిన సూచన ఆ పత్రంలో లేకపోయినా, తప్పుగా ఉన్నా 1 సంవత్సరం దొరుకుతుంది. అందుకే చివరి పేజీ కిందనున్న చిన్న అక్షరాల పేరాను తప్పక చదవండి.

"ఈయూ హక్కు కాబట్టి దేశపు గడువు వర్తించదు" అనుకోవడం ప్రమాదం. సహేతుకమైన గడువులు చెల్లుతాయని 1976లోనే రెవె కేసులో కోర్టు చెప్పింది. రెండే షరతులు పెట్టింది: దేశ చట్టం కింది హక్కులకు ఇచ్చే గడువు కంటే ఈయూ హక్కుకు తక్కువ ఇవ్వకూడదు, హక్కును వాడుకోవడం ఆచరణలో అసాధ్యం చేయకూడదు.

ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేయడం, ఉచితంగా సాయపడే సోల్విట్ వ్యవస్థకు రాయడం మంచివే. కానీ వాటి వల్ల కోర్టు గడువు ఆగదు. కమిషన్ జవాబు కోసం ఎదురుచూస్తూ నెల దాటిపోతే తిరిగి తెచ్చుకోలేరు.

## 3. సరైన పాఠం సంపాదించండి

ఈయూ చట్టాలన్నీ యూర్‌లెక్స్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. న్యాయవాదుల బ్లాగుల్లో సారాంశం చదివి ఆగిపోకండి.

ప్రతి చట్టానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు విమాన ప్రయాణికుల రెగ్యులేషన్ (దేశాల్లో నేరుగా అమలయ్యే ఈయూ చట్టం) సంఖ్య 32004ఆర్0261. మొదటి 3 అంటే శాసనం, 2004 సంవత్సరం, ఆర్ అంటే రెగ్యులేషన్, చివరిది వరుస సంఖ్య. డైరెక్టివ్ అయితే మధ్యలో ఎల్ ఉంటుంది. వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని ఇంగ్లిషు లిపిలో టైపు చేయాలి.

తీసుకోవాల్సినవి మూడు:

- సవరణలన్నీ కలిపిన తాజా పాఠం. మొదట అచ్చైన పాఠం మీద వాదిస్తే, మధ్యలో మారిన వాక్యం మిమ్మల్ని దెబ్బతీస్తుంది.
- అదే పాఠం ఆ దేశ భాషలో. 24 అధికార భాషల పాఠాలూ సమానమే, కానీ జడ్జి చదివేది తన భాషలోనిది. అధికరణం, పేరా, ఉపపేరా సంఖ్యలు అందులోంచే రాయండి.
- ఆ డైరెక్టివ్‌ను మీ దేశం ఏ చట్టం ద్వారా అమల్లోకి తెచ్చుకుందో చూపే జాబితా. అదే పేజీలో దేశాల వారీగా ఉంటుంది.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. జడ్జి మొదట చూసేది తన దేశ చట్టాన్నే. ఆ చట్టంలో మీకు కావలసింది సరిగ్గా ఉంటే, ఈయూ వాదన అక్కర్లేకుండానే గెలుస్తారు.

## 4. అది ఏ రకం చట్టం?

ఒప్పందాలు. సమాఖ్యకు పునాదిగా సభ్యదేశాలు చేసుకున్నవి. వాటిలో కొన్ని అధికరణాలు ప్రైవేటు వ్యక్తుల మీద కూడా నేరుగా పనిచేస్తాయి. స్త్రీ పురుషులకు సమాన వేతనం అందులో ఒకటి (దెఫ్రెన్ కేసు, 1976).

రెగ్యులేషన్. దేశం వేరే చట్టం చేయనక్కర్లేదు. ప్రభుత్వం మీద, కంపెనీ మీద నేరుగా చూపవచ్చు. మీ చేతిలో రెగ్యులేషన్ ఉంటే పని సులభం.

డైరెక్టివ్. ఇది దేశాలకు ఇచ్చే ఆదేశం: ఫలానా తేదీలోగా ఈ ఫలితం సాధించే చట్టం చేయండి అని. సెలవులు, పని గంటలు, బ్లూ కార్డ్, కుటుంబ వీసా, వినియోగదారుల హక్కులు ఎక్కువగా డైరెక్టివ్‌లలోనే ఉంటాయి. చిక్కులన్నీ ఇక్కడే.

ప్రాథమిక హక్కుల చార్టర్. ఒంటరిగా నిలబడదు. 51వ అధికరణం ప్రకారం, దేశం ఈయూ చట్టాన్ని అమలు చేస్తున్న సందర్భంలోనే అది సభ్యదేశాలకు వర్తిస్తుంది. కాబట్టి ముందు ఒక రెగ్యులేషన్‌నో డైరెక్టివ్‌నో చూపి, దానికి తోడుగా చార్టర్‌ను చూపండి.

## 5. డైరెక్టివ్ అయితే రెండు పరీక్షలు

మొదటిది తేదీ. దేశం చట్టం చేసుకోవడానికి ఇచ్చిన గడువు దాటి ఉండాలి. బ్లూ కార్డ్ డైరెక్టివ్‌కు ఆ తేదీ 2023 నవంబర్ 18. అంతకుముందు దాన్ని కోర్టులో నేరుగా చూపలేరు.

రెండోది వాక్యం. మీరు ఆధారపడే వాక్యం స్పష్టంగా, షరతుల్లేకుండా ఉండాలి. "సభ్యదేశాలు అనుమతించవచ్చు" అని ఉంటే హక్కు కాదు, వెసులుబాటు. "సభ్యదేశాలు అనుమతించాలి" అని ఉంటే హక్కు. క్రియాపదాన్ని రెండు మూడు భాషల పాఠాల్లో పోల్చి చూడండి.

ఉదాహరణకు 2003/86 డైరెక్టివ్ 4(1) అధికరణం జీవిత భాగస్వామికి ప్రవేశం అనుమతించాలని చెబుతుంది. షరతులు పూర్తయితే దేశానికి ఇందులో విచక్షణ లేదని 2006లో కోర్టు చెప్పింది. స్థిరమైన, తగినంత ఆదాయం ఉండాలన్న షరతును దేశాలు పెట్టవచ్చు. కానీ ఒక అంకె గీసి, దాని కింద ఉన్నవారందరినీ వ్యక్తిగత పరిశీలన లేకుండా తిరస్కరించకూడదని 2010 మార్చి 4న నెదర్లాండ్స్‌కు సంబంధించిన షక్రూన్ కేసులో తీర్పు వచ్చింది. మీ తిరస్కరణ పత్రంలో "ఆదాయం ఇంత, పరిమితి ఇంత, కాబట్టి తిరస్కరణ" అని మాత్రమే ఉంటే, మీ వాదన షక్రూన్ తీర్పుతో, డైరెక్టివ్ 17వ అధికరణంతో మొదలవ్వాలి.

## 6. ఎదుటి పక్షం ఎవరు?

నా ఉద్దేశంలో ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

డైరెక్టివ్‌ను ప్రభుత్వం మీద నేరుగా చూపవచ్చు. ప్రైవేటు వ్యక్తి మీద, కంపెనీ మీద చూపలేరు. 1986లో మార్షల్, 1994లో ఫచ్చీని దోరి కేసుల్లో కోర్టు దీన్ని స్థిరపరిచింది. చట్టం చేయకపోవడం ప్రభుత్వం తప్పు. దాని భారం ప్రైవేటు వ్యక్తి మీద పడకూడదన్నది తర్కం.

అయితే "ప్రభుత్వం" పరిధి పెద్దది. మంత్రిత్వ శాఖలే కాదు, నగరపాలక సంస్థలు, ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రజాప్రయోజన విధిని ప్రత్యేక అధికారాలతో నిర్వహించే సంస్థలు కూడా దాని కిందికి వస్తాయి (ఫాస్టర్, 1990, ఫారెల్, 2017). మీరు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పరిశోధకులైతే మీ యజమాని ఇందులోకి వచ్చే అవకాశం ఎక్కువ. సంస్థ స్థాపన చట్టం, యాజమాన్యం, ప్రత్యేక అధికారాల వివరాలు సేకరించి జతచేయండి.

ఎదుటి పక్షం పూర్తిగా ప్రైవేటు కంపెనీ అయితే ఇంకా మూడు దారులున్నాయి. ఈ వరుసలోనే చూపాలి:

మొదటి దారి, అనుగుణ వ్యాఖ్యానం. దేశ చట్టాన్ని, సాధ్యమైనంత వరకు, డైరెక్టివ్ ఉద్దేశానికి సరిపోయేలా చదవాల్సిన బాధ్యత జడ్జికి ఉంది (వాన్ కోల్సన్ 1984, మార్లీసింగ్ 1990). దేశ చట్టంలోని ఏ పదాన్ని ఎలా చదవాలో మీరే రాసి చూపాలి. పదాలకు పూర్తి వ్యతిరేకార్థం తీయమని మాత్రం అడగలేరు.

రెండో దారి, చార్టర్ తోడు. చార్టర్‌లోని కొన్ని హక్కులు సొంతంగానే పూర్తయినవి: వివక్ష నుంచి రక్షణ (21వ అధికరణం), వేతనంతో కూడిన వార్షిక సెలవు (31వ అధికరణం 2వ పేరా) అలాంటివి. వాటిని ప్రైవేటు యజమాని మీద కూడా చూపవచ్చని 2018లో కోర్టు చెప్పింది.

మూడో దారి, ప్రభుత్వం నుంచి నష్టపరిహారం. దాని గురించి 10వ భాగంలో.

## 7. ఒక పూర్తి ఉదాహరణ: మిగిలిపోయిన సెలవులు

మ్యూనిక్‌లోని ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక తెలుగు ఇంజినీరు రాజీనామా చేశారనుకుందాం. గత రెండేళ్ల సెలవులు చాలా మిగిలాయి. "సంవత్సరం దాటింది, అవి రద్దయ్యాయి" అని కంపెనీ అంటోంది. జర్మన్ సెలవుల చట్టం పదాలు చూస్తే కంపెనీ మాటే నిజమనిపిస్తుంది.

ఆధారం 2003/88 డైరెక్టివ్ 7వ అధికరణం: సంవత్సరానికి కనీసం 4 వారాల వేతన సెలవు; ఉద్యోగం ముగిస్తే వాడుకోని సెలవులకు డబ్బు. కానీ యజమాని ప్రైవేటు. డైరెక్టివ్ ఒక్కటే చాలదు.

2018 నవంబర్ 6న మాక్స్ ప్లాంక్ కేసులో కోర్టు ఏం చెప్పిందంటే: ఉద్యోగి దరఖాస్తు చేయలేదన్న ఒక్క కారణంతో సెలవు దానంతటదే పోదు. సెలవు తీసుకోమని యజమాని స్పష్టంగా చెప్పి, తీసుకోకపోతే పోతుందని సమయానికి హెచ్చరించి ఉండాలి. అలా చేశానని రుజువు చేయాల్సిందీ యజమానే. 2019 ఫిబ్రవరిలో జర్మన్ సమాఖ్య కార్మిక కోర్టు తన చట్టాన్ని అలాగే చదివింది. 2022 సెప్టెంబర్ 22న మరో తీర్పులో, యజమాని హెచ్చరించనప్పుడు 3 సంవత్సరాల కాలపరిమితి కూడా మొదలుకాదని లక్సెంబర్గ్ కోర్టు చెప్పింది.

కాబట్టి వాదన వరుస ఇలా ఉంటుంది: ముందు జర్మన్ చట్టం, దాన్ని 7వ అధికరణానికి అనుగుణంగా చదవాలన్న కోరిక, దానికి ఆధారంగా సమాఖ్య కార్మిక కోర్టు తీర్పు, అలా చదవడం కుదరదంటే చార్టర్ 31(2) కింద ఆ నిబంధనను పక్కన పెట్టాలన్న ప్రత్యామ్నాయ కోరిక.

రెండు జాగ్రత్తలు. ఈ రక్షణ 4 వారాల కనీస సెలవుకే. ఉద్యోగ ఒప్పందంలో ఇచ్చిన అదనపు రోజులకు ఆ ఒప్పందం మాటే చెల్లవచ్చు. అలాగే, ఉద్యోగం వదిలాక డబ్బు అడిగే హక్కుకు వేరే కాలపరిమితి ఉంటుంది. మీ ఒప్పందంలో "3 నెలల్లో లిఖితపూర్వకంగా అడగాలి" లాంటి షరతు ఉందేమో ముందే చూడండి.

## 8. రెగ్యులేషన్‌తో సులభమైన దారి: విమాన ఆలస్యం

261/2004 రెగ్యులేషన్ కాబట్టి కంపెనీ మీద నేరుగా చూపవచ్చు. గమ్యం 3 గంటలు లేదా అంతకంటే ఆలస్యంగా చేరితే పరిహారం వస్తుందని 2009లో స్టర్జన్ కేసులో తేలింది. దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్ 3,500 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి 600. ఆలస్యం 4 గంటలలోపే అయితే సగానికి తగ్గించవచ్చు.

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది దిశ దగ్గర. ఈయూ విమానాశ్రయం నుంచి బయల్దేరితే ఏ సంస్థ విమానమైనా వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి ఐరోపాకు వస్తుంటే, విమానం నడిపేది ఈయూ సంస్థ అయితేనే. గల్ఫ్ సంస్థలో హైదరాబాద్ నుంచి దోహా మీదుగా వస్తే వర్తించదు. ఒకే బుకింగ్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ వెళ్తే, మొత్తం ఒకే ప్రయాణం కింద లెక్క.

"సాంకేతిక లోపం" అన్న జవాబు చూసి వెనక్కి తగ్గకండి. మామూలు నిర్వహణలో బయటపడే లోపాలు అసాధారణ పరిస్థితి కాదని 2008లోనే తీర్పు ఉంది. సంస్థ మరో సభ్యదేశంలో ఉంటే, 5,000 యూరోల వరకు ఐరోపా చిన్న క్లెయిముల విధానం వాడుకోవచ్చు. అందులో న్యాయవాది తప్పనిసరి కాదు, ఎక్కువగా పత్రాల మీదే నడుస్తుంది. బోర్డింగ్ పాసు, బుకింగ్ సంఖ్య, సంస్థకు రాసిన మొదటి ఉత్తరం జతచేయండి.

## 9. వాదపత్రంలో ఈయూ భాగం ఎలా రాయాలి

"నా ఈయూ హక్కులు ఉల్లంఘించారు" అన్న వాక్యానికి విలువ లేదు. ఈ అయిదూ ఉండాలి:

1. వాస్తవాలు, తేదీలతో. వాదన కలపకండి.
2. అడ్డుపడుతున్న దేశ నిబంధన, సెక్షన్ సంఖ్యతో సహా.
3. ఈయూ నిబంధన, అధికరణం, పేరా, ఆ దేశ భాషలో పూర్తి వాక్యం. డైరెక్టివ్ అయితే గడువు దాటిన తేదీ, ప్రతివాది ప్రభుత్వమో ప్రైవేటో.
4. తీర్పు, కేసు సంఖ్య, తేదీ, సరిగ్గా ఏ పేరా. తీర్పులోని వాస్తవాలు మీ వాస్తవాలకు ఎలా దగ్గరో రెండు వాక్యాలు.
5. కోరిక, మెట్లుగా: ముందు అనుగుణ వ్యాఖ్యానం, కాకపోతే నిబంధనను పక్కన పెట్టడం, సందేహముంటే లక్సెంబర్గ్‌కు ప్రశ్న.

మొదటి కోర్టులోనే ఇవన్నీ పెట్టండి. సివిల్ వివాదాల్లో పక్షాలు ఎత్తని ఈయూ అంశాన్ని జడ్జి తనంతట తాను ఎత్తాల్సిన బాధ్యత అన్ని సందర్భాల్లోనూ ఉండదు (వాన్ స్హైండెల్, 1995). అప్పీలులో కొత్త వాదన అనుమతించని దేశాలూ ఉన్నాయి. "తర్వాత పై కోర్టులో చెబుదాం" అన్న ఆలోచన చాలా కేసులను చంపింది.

భాష సంగతి కూడా ముందే చూసుకోండి. తెలుగు వివాహ ధ్రువపత్రం, ఇంగ్లిషు జీతం చీటీలు అనువాదం లేకుండా చెల్లకపోవచ్చు. ప్రమాణం చేసిన అనువాదకుల దగ్గర వారాలు పడుతుంది. గడువులోపు దావా వేసి, అనువాదాలు తర్వాత ఇస్తామని రాయండి.

## 10. లక్సెంబర్గ్‌కు ప్రశ్న, మధ్యంతర ఉత్తర్వు, నష్టపరిహారం

ప్రశ్న పంపేది కోర్టే, మీరు కాదు. కానీ ఆ ప్రశ్నను తయారుగా రాసి ఇవ్వడం మీ చేతిలో ఉంది. ఈయూ పనితీరు ఒప్పందం 267వ అధికరణం ప్రకారం, కింది కోర్టు పంపవచ్చు. అప్పీలు లేని చివరి కోర్టు, కొన్ని మినహాయింపులు తప్ప, పంపాలి.

ప్రశ్న మీ కేసులో ఎవరు గెలవాలని అడగకూడదు. చట్టానికి అర్థం ఏమిటని అడగాలి. ఉదాహరణకు: "యజమాని హెచ్చరించాడా లేదా అని చూడకుండానే సెలవు హక్కు పోతుందని చెప్పే జాతీయ నిబంధనకు, 2003/88 డైరెక్టివ్ 7వ అధికరణం, చార్టర్ 31(2) అడ్డు వస్తాయా?" ఇందులో వ్యక్తి పేరు లేదు, కంపెనీ పేరు లేదు. జవాబు అవునో కాదో వచ్చేలా ఉంది.

లక్సెంబర్గ్‌లో కోర్టు రుసుము లేదు, కానీ జవాబుకు సుమారు ఏడాదిన్నర పట్టవచ్చు. పిల్లల సంరక్షణ, నిర్బంధం లాంటి అత్యవసర విషయాల్లో వేగవంతమైన విధానం ఉంది. విమాన ప్రయాణికుల పరిహారం మీది ప్రశ్నలను 2024 అక్టోబర్ 1 నుంచి సాధారణంగా అక్కడి జనరల్ కోర్టు చూస్తోంది.

ఈలోగా నష్టం జరిగిపోతుందనుకుంటే మధ్యంతర ఉత్తర్వు అడగండి. దేశ చట్టం అలాంటి ఉత్తర్వును నిషేధిస్తే ఆ నిషేధాన్నే పక్కన పెట్టాలని 1990లో ఫాక్టర్‌టేమ్ కేసులో కోర్టు చెప్పింది. నివాస పత్రం గడువు ముగుస్తున్నవారికి ఇది ప్రాణాధారం; ప్రధాన దావాతో పాటే వేయండి.

హక్కు ఉండీ ఎవరి మీదా చూపలేని స్థితిలో మిగిలేది ప్రభుత్వం మీద నష్టపరిహార దావా (ఫ్రాంకోవిచ్, 1991 నవంబర్ 19). మూడు రుజువులు కావాలి: ఆ నిబంధన వ్యక్తులకు హక్కు ఇవ్వడానికి ఉద్దేశించినదై ఉండాలి; ఉల్లంఘన తగినంత తీవ్రమైనదై ఉండాలి; మీ నష్టం దానివల్లే జరిగి ఉండాలి. గడువులోగా డైరెక్టివ్‌ను అసలు అమల్లోకి తేకపోవడమే తీవ్ర ఉల్లంఘన. అమల్లోకి తెచ్చి తప్పుగా రాసిన సందర్భాల్లో రుజువు కష్టం.

## 11. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

స్ట్రాస్‌బర్గ్, లక్సెంబర్గ్ కలిపేయడం. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు ఈయూ సంస్థ కాదు. అక్కడికి దేశంలోని దారులన్నీ అయిపోయాక, తుది నిర్ణయం నుంచి 4 నెలల్లో వెళ్లాలి. రెండు ఆధారాలూ వాడుతుంటే వేర్వేరు శీర్షికల కింద రాయండి.

కుటుంబం భారతదేశంలో ఉందని భత్యం ఇవ్వకపోతే అంగీకరించడం. కుటుంబ సభ్యులు దేశం బయట ఉన్నారన్న కారణంతో మూడో దేశపు కార్మికుడికి ఇటలీ కుటుంబ భత్యం నిరాకరించింది. తన పౌరుల కుటుంబాలు బయట ఉన్నా ఇస్తూ, వీరికి మాత్రం నిరాకరించడం 2011/98 డైరెక్టివ్‌కు (2024లో దాన్ని 2024/1233 డైరెక్టివ్‌గా తిరగరాశారు) విరుద్ధమని 2020 నవంబర్ 25న కోర్టు తేల్చింది. మీ దేశం ఆ డైరెక్టివ్‌లోని మినహాయింపును వాడుకుందో లేదో చూసి, అదే వాదన పెట్టండి. ఐర్లాండ్, డెన్మార్క్‌లకు ఇదీ వర్తించదు.

ఖర్చుకు భయపడి మానేయడం. జర్మన్ కార్మిక కోర్టు మొదటి స్థాయిలో న్యాయవాది తప్పనిసరి కాదు. గెలిచినా ఓడినా ఎవరి న్యాయవాది ఖర్చు వారిదే. స్తోమత లేనివారికి న్యాయ సహాయం చార్టర్ 47వ అధికరణంలోనే ఉంది. నివాస హక్కు, కుటుంబ వీసా కేసుల్లో మాత్రం వలస చట్టం తెలిసిన న్యాయవాదిని తప్పక పెట్టుకోండి.

ప్రశ్న పంపమని అడిగితే చివరి కోర్టు మౌనంగా ఉండిపోవడం. అడిగినట్టు రికార్డులో ఉండేలా లిఖితపూర్వకంగా అడగండి. కారణం చెప్పకుండా వదిలేయడం న్యాయమైన విచారణ హక్కుకు భంగమని, ఒక ట్యునీషియా కార్మికుడి కుటుంబ భత్యం కేసులో 2014 ఏప్రిల్ 8న స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఇటలీని తప్పుపట్టింది.

లక్సెంబర్గ్ జవాబు రాగానే గెలిచామనుకోవడం. ఆ తీర్పు చట్టం అర్థం మాత్రమే చెబుతుంది. కేసు మళ్లీ మీ కోర్టుకే వస్తుంది; వాస్తవాలు, రుజువులు అక్కడే తేలతాయి. జవాబు వచ్చిన వెంటనే ఒక అనుబంధ పత్రం వేయండి: తీర్పులోని పేరాలు, వాటికి సరిపోయే మీ సాక్ష్యాలు, మొదట అడిగిన కోరికలో ఇప్పుడు ఏ మెట్టు వర్తిస్తుందో, వడ్డీతో సహా రావాల్సిన మొత్తం ఎంతో.